పసుపు పెట్టిన ముద్ర

చదివేవాళ్లు ముందు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండేసరికి పొద్దు గూట్లో పడుతుంది. తప్పులు కనబడితే దిద్దుకొని చదవండి. నాకు అక్షరాలు దిద్దించింది ఈ కథలోని నీతే కాబట్టి, సగం తప్పులు ఆమె మీద వేసినా నాకు అభ్యంతరం లేదు. కథ మాత్రం అప్పటి మా పక్క గది మల్లవ్వ నాకు చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

మల్లవ్వ కూతురు నీత నోటరీ అయిన రోజు ముంబై కామాఠిపురాలోని మా చాలీలో, వరస గదుల ఆ పాత బిల్డింగులో, పెళ్లి ఇంటి సందడి అయింది. మూడు అంతస్తుల వాళ్లూ మెట్ల మీద నిలబడి పేడాలు తిన్నారు. నోటరీ అంటే ఏమిటో అందులో చాలామందికి తెలియదు. మల్లవ్వకే సరిగా తెలియదు. అయినా అడిగినవాళ్లందరికీ ఆమె దగ్గర ఒక జవాబు ఉండేది.

"వకీలు మాట్లాడితే జడ్జి ఇంటడో ఇనడో. నోటరీ సంతకం పెడితే ఆ కాగితం నిజమైపోతది. మా నీత సంతకం పెడితే ఇగ దానికి తిరుగులేదు."

మల్లవ్వ భర్త తుకారాం తాపీ మేస్త్రీ. వాళ్ల తాత పాలమూరు దిక్కు నుంచి ఈ ఊరికి గోడలు కట్టడానికి వచ్చాడు. తుకారాం కూడా ఆఖరి దాకా గోడలే కట్టాడు. కట్టిన వాటిలో ఏ ఒక్కదాని మీదా అతని పేరు లేదు. కూతురి పేరు మాత్రం ఫాక్‌లాండ్ రోడ్డు వైపు చాలీ గోడ మీదికి ఎక్కింది. "నీత తుకారాం బొల్లి, అడ్వకేట్, నోటరీ, కామాఠిపురా" అని మూడు భాషల్లో బోర్డు రాయించారు. బోర్డు రాసేటప్పుడు నీత పెదనాన్న కొడుకు శైలేష్ గొణిగాడు.

"కామాఠిపురా అని ఎందుకే? ముంబై సెంట్రల్ అని రాయి. పిల్లలు నౌకరీ అర్జీల్లో కూడా అట్లే రాస్తరు. పేరు ఖరాబు గల్లీ మనది."

"నేను పుట్టింది ఇక్కడ, అన్నా. అందరి కాగితాల మీద నిజం రాయించేదాన్ని, నా బోర్డు మీదనే అబద్ధం రాయించుకోవాల్నా?" అంది నీత.

మల్లవ్వ ఈ మాటను వారం రోజులు చాలీ అంతా తిరిగి చెప్పింది.

నీత దగ్గర ఒక ఇనప ముద్ర ఉండేది. గుప్పిట్లో పట్టే పిడి, కింద రెండు గుండ్రటి బిళ్లలు. ఆ బిళ్లల మధ్య కాగితం పెట్టి పిడి నొక్కితే అక్షరాలు కాగితం మీద ఉబ్బి లేస్తాయి. చుట్టూ ఒక వలయం, వలయం లోపల నీత పేరు, నడుమ సర్కారు ఆమెకు ఇచ్చిన నంబరు. ముద్ర వేసి, దాని పక్కన నీత తెలుగులో సంతకం చేసేది. కోర్టు అర్జీలన్నీ ఇంగ్లీషులో, మరాఠీలో రాసే మనిషి, సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలుగులోనే పెట్టేది.

ఆ ఏడు దసరా నాడు నీత దాదర్‌లో తెలుగు వాళ్ల సభకు పోయింది. ఇంట్లో మల్లవ్వ ఒక్కతే ఉంది. ప్రతి దసరాకు చేసినట్టే మంచం కింది నుంచి తుకారాం సామాను బయటికి తీసింది. తాపీ, రుద్దుడు చెక్క, గోడ నిలువు చూసే ఇనప గుండు. అన్నీ కడిగి, పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. మేస్త్రీల ఇళ్లలో కూడు పెట్టే పనిముట్టుకు ఆ రోజు పూజ చేయకుండా ఎవరూ ముద్ద ముట్టరు.

పూజ చేస్తుంటే మల్లవ్వకు తట్టింది. ఇప్పుడు ఈ ఇంటికి కూడు పెట్టేది తాపీ కాదు కదా?

నీత సంచిలోంచి ముద్ర తీసి పీట మీద పెట్టింది. పసుపు ఎక్కడ రాయాలో ముందు అర్థం కాలేదు. తాపీకి అంచు ఉంటుంది, పారకు నోరు ఉంటుంది. దీనికి నోరు ఏది? అటూ ఇటూ తిప్పి చూస్తే రెండు బిళ్లల నడుమ సందు కనబడింది. ఇదే నోరు అనుకుంది. నువ్వుల నూనెలో కలిపిన పసుపు ఆ సందులో నిండుగా పూసింది. కుంకుమ పెట్టింది. అక్షింతలు వేసింది. నైవేద్యంగా చిటికెడు బెల్లం కూడా పెట్టి, మింగమన్నట్టు పిడిని గట్టిగా ఒక్కసారి నొక్కింది. సాయంత్రం గుడ్డతో తుడిచి ఎక్కడిది అక్కడ పెట్టింది. కూతురికి చెప్పలేదు. పూజ చేయడం చెప్పుకునే సంగతి అని ఆమెకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బేరం చాలీ వాళ్లదే. కింది అంతస్తులో కిరాయికి ఉండే లచ్చమ్మ తన కూతురు దివ్యను వెంటబెట్టుకొని వచ్చింది. లచ్చమ్మ, ఆమె మొగుడు ఆంజనేయులు పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనుల్లో కూలి చేస్తారు. వాళ్ల దివ్య నర్సు చదివింది. మస్కట్‌లో ఒక ఆసుపత్రి ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. అడ్డం ఒక్కటే. ఊళ్లో బడి కాగితాల మీద మన పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి "కావలి దివ్య" అని రాశారు. ముంబైలో కాలేజీ వాళ్లు ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు నడుమ పెట్టి "దివ్య ఆంజనేయులు కావలి" అని రాశారు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలన్నారు మస్కట్ వాళ్లు.

నీత ఆ కాగితాన్ని ఇంగ్లీషులో తయారు చేసి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పింది. లచ్చమ్మను కూడా కూర్చోబెట్టి చెప్పింది.

"నాకెందుకు బిడ్డా, దాని కాగితం అది సంతకం పెడతది."

"నీ కడుపున పుట్టిన పిల్ల పేరు ఇది. తప్పుంటే నీకు తెలుస్తది, నాకు తెల్వదు. ఇను" అంది నీత.

అంతా విన్నాక దివ్య సంతకం చేసింది. నీత సంతకం చేసి ముద్ర నొక్కింది. బొటనవేలితో తడిమితే గుండ్రటి వలయం చేతికి తగిలింది. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. ఆమె ఇంకేమీ చూడలేదు.

విదేశానికి పోయే కాగితానికి నోటరీ సంతకం ఒక్కటే చాలదు. ఆ సంతకం నిజంగా నోటరీదేనా అని చర్చిగేటులోని సర్కారు దఫ్తరు చూడాలి. నోటరీలందరి సంతకాల నమూనాలు సర్కారు దగ్గర ఉంటాయట. కాగితం మీది నంబరు చూసి, ఆ నంబరు నమూనా తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఈ సంతకం ఫలానా ఆమెదే అని వెనుక రాసి రాజముద్ర వేస్తారు. ఆ తర్వాత దిల్లీ, ఆ తర్వాత మస్కట్. నీత సంతకం ఇలా సర్కారు ముందుకు పోవడం ఇదే మొదటిసారి. మల్లవ్వకు ఈ సంగతి తెలిసిన దగ్గరి నుంచి నేల మీద కాలు నిలవలేదు. "మా నీత సంతకం చర్చిగేటుకు పోయింది. అక్కడ చూసి దిల్లీకి పంపుతరు" అని పాలవాడికి కూడా చెప్పింది.

దఫ్తర్లకు కాగితాలు తిప్పే స్వప్నిల్ అనే ఏజెంటు దివ్య కాగితం తీసుకుపోయాడు. రెండు రోజులకు వెనక్కి తెచ్చాడు. నీత కోర్టులో ఉంది. అతను మెట్ల మీదే నిలబడి, మల్లవ్వను చూసి, అందరికీ వినబడేటట్టు హిందీలో అన్నాడు.

"మౌసీ, మీ మ్యాడమ్ ఎవరో సర్కారుకు తెలుస్తలేదంట. కాగితం వాపస్."

"తెలుస్తలేదంటే ఏంది?"

"అంటే సంతకం అసలుదో నకిలీదో చెప్పలేమన్నరు. నేను ముందే అన్న. ఫోర్ట్ ఏరియాలో పెద్ద నోటరీ దగ్గర చేయిస్తే ఈ లఫ్డా ఉండేది కాదు. కామాఠిపురా నోటరీ అంటే గిట్లనే ఉంటది."

నకిలీ అన్న మాట మెట్ల మీది నుంచి మూడో అంతస్తు దాకా పాకింది. మల్లవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. అయినా తల దించలేదు.

"కామాఠిపురా వాళ్లు కట్టిన గోడ నీడకే నిలబడి మాట్లాడుతున్నవు, కొడుకా. కాగితం ఇటు తే."

సాయంత్రం నీత ఆ కాగితాన్ని ట్యూబులైటు కింద పెట్టి చూసింది. వలయం బాగానే లేచింది. లోపల పేరు సగం చదునుగా ఉంది. నంబరు అసలే లేదు. సంతకమేమో తెలుగులో ఉంది. ఎవరని వెతుకుతారు వాళ్లు?

"సరిగ నొక్కలేదేమో. తప్పు నాదే" అని పక్కనే నిలబడ్డ దివ్యతో అంది. "రేపు నేనే పోత. నువ్వూ, మీ అమ్మా రండి. ఎప్పటిదాకా టైముంది?"

"రేపే ఆఖరు, అక్కా. రేపు దిల్లీకి పోయే కాగితాల కట్టలో పడకపోతే ఆసుపత్రి వాళ్లు వేరేవాళ్లను తీసుకుంటరంట."

మల్లవ్వ లోపలి నుంచి వచ్చింది. అప్పటికే మంచి చీర కట్టుకొని ఉంది.

"నేనూ వస్త."

"పొద్దున కదమ్మా పోయేది. అయినా నువ్వెందుకు?"

"నా బిడ్డ సంతకం తెల్వదన్న మొకం ఎట్లుంటదో చూసొస్త."

మర్నాడు నలుగురూ గ్రాంట్ రోడ్డులో లోకల్ రైలెక్కి చర్చిగేటులో దిగారు. దఫ్తరులో వరస పెద్దది. స్వప్నిల్ వేరే కాగితాలతో ముందే వచ్చి గోడకు ఆనుకొని ఉన్నాడు. కిటికీ వెనుక ఉన్నామె పేరు దర్శన అని బిళ్ల మీద రాసి ఉంది. కళ్లజోడుకు గొలుసు, నింపాదిగా మాట్లాడే మనిషి. మల్లవ్వ ఊహించుకున్న మొహం కాదు అది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు పక్కన పెట్టింది.

నీత తన పరిచయం చెప్పింది. దర్శన ముద్ర చూపించమంది. తెల్ల కాగితం ఇచ్చి నొక్కమంది. నీత బలమంతా పెట్టి నొక్కింది. మళ్లీ వలయమే లేచింది. లోపల అంతా చదును.

దర్శన ముద్రను దీపం వైపు తిప్పి, కళ్లజోడు సర్దుకొని లోపలికి చూసింది. గుండుసూదితో గీకింది. పసుపు పచ్చటి పొడి టేబుల్ మీద రాలింది. దాన్ని వేలితో తీసి వాసన చూసింది.

"హల్దీ?"

నీత ఒక్కసారి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. వరసలో ముప్పై మంది ఉన్నారు. ముందు లచ్చమ్మ ఉంది, ఉద్యోగం పోబోయే ఆమె కూతురు ఉంది. నాకేం తెలుసు అంటే అయిపోయేది. నంబరు పోయింది తన చేతి వల్లనని అప్పుడే ఆమెకు అర్థమైంది.

"నేనే" అంది మల్లవ్వ మరాఠీలో, గట్టిగా. "దసరాకు పూజ చేసిన. మా ఇంట్లో తాపీకి చేసేవాళ్లం. ఇప్పుడు మాకు కూడు పెట్టేది ఇది. దాని నోరు ఎక్కడుందో వెతికి మరీ పెట్టిన. మా బిడ్డకు తెల్వదు. ఆమెనేం అనకండి."

వరసలో నవ్వులు లేచాయి. వెనుక నుంచి ఎవరో, పిన్నీ అన్నట్టు మరాఠీలో, అడిగారు. "కాకూ, నైవేద్యం కూడా పెట్టినవా?"

"పెట్టకుంట ఎట్లుంట? బెల్లం పెట్టిన."

ఈసారి కిటికీ వెనుక ఉన్నవాళ్లు కూడా నవ్వారు. దర్శన పెదవి బిగించుకొని ఆపుకుంది. తర్వాత నీతతో అంది.

"మ్యాడమ్, ముద్ర పడని కాగితం మీద నేనేమీ రాయలేను. కొత్త కాగితం కావాలి. ముద్ర సరిగ్గా పడాలి. మీరు మళ్లీ సంతకం చేయాలి. దాన్ని మీ నమూనాతో పోలుస్తాను. కలిస్తేనే రాస్తాను, కలవకపోతే లేదు. ఒంటిగంటకు కిటికీ మూస్తాం."

బయటికి రాగానే స్వప్నిల్ దివ్య పక్కన చేరాడు.

"అదిగో నల్లకోటు నోటరీ, చెట్టు కింద. ఆయన సంతకం ఇక్కడ అందరికీ తెలుసు. తల ఎత్తకుండ ముద్ర కొడతడు. ఐదు నిమిషాల పని. ఈ పసుపు కుంకుమలతోటి నీ నౌకరీ పోగొట్టుకుంటవా?"

దివ్య నీత వైపు చూడలేకపోయింది. వద్దనే హక్కు తనకు లేదనుకుంది నీత. మల్లవ్వే ముందుకు వచ్చి పిల్ల చేయి పట్టుకుంది. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమైందో నాకు చెప్పేటప్పుడు కూడా ఆగి ఆగి చెప్పింది.

"పో బిడ్డా. ఆయనతోనే పెట్టించుకో. మా సంతకం ఇయ్యాల కాకపోతే ఇంకో రోజు చూస్కుంటరు. నీ నౌకరీ మళ్లీ రాదు."

సర్కారు దఫ్తరు అంటే లచ్చమ్మకు భయం. ఇప్పుడు కొంగు దోపుకుంది.

"ఆయన తల ఎత్తకుంట కొడతడా? అంటే నా బిడ్డ మొకం గూడ చూడడా?"

"చూసి ఏం జేస్తడు, మౌసీ?" అన్నాడు స్వప్నిల్.

"నీత చూసింది. దాని పేరు దానికే కాదు, నాకు గూడ ఇనిపిచ్చింది. నా బిడ్డ ఎవలో తెల్వనోడు, ఈ పిల్ల ఆ పిల్ల ఒక్కతే అని ఎట్ల రాస్తడు? రాస్తే అది నకిలీ గాదా?"

అందరూ దివ్య వైపు చూశారు. ఉద్యోగం ఆమెది, గడువు ఆమెది. దివ్య గడియారం చూసుకుంది, చెట్టు కింది నల్లకోటును చూసింది.

"నీతక్కే పెట్టాలె" అంది. "రేపు మస్కట్‌లో ఎవలన్న ఈ సంతకం ఎవలిదని అడిగితే, నాకు తెల్సినామె పేరు చెప్పుకోవాలె. అక్కా, నువ్వు కాగితం టైపు చేపిచ్చుకరా. ముద్ర సంగతి అమ్మోళ్లు చూస్తరు."

నీత పరుగు లాంటి నడకతో టైపు చేసేవాళ్ల వైపు పోయింది. మల్లవ్వ, లచ్చమ్మ రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర కూలబడ్డారు. బండి మంగేష్ అనే అతనిది. లచ్చమ్మ అతన్ని గిన్నెడు వేడినీళ్లు అడిగింది.

"చాయ్ వద్దా?"

"ముందు దీనికి తానం. తర్వాత మాకు చాయ్."

మంగేష్ ఇనప ముద్రను ఎగాదిగా చూశాడు. "నేనిక్కడ శాన ఏండ్ల నుంచి ఉన్న. నోటరీకి తానం పోయడం ఇదే చూస్తున్న" అంటూ నీళ్లు పోశాడు.

నూనెలో కలిసిన పసుపు, బెల్లం, బియ్యపు గింజలు కలిసి ఆ సందులో సిమెంటు లాగా గట్టిపడి ఉన్నాయి. ఇద్దరూ గాజులకు తగిలించుకున్న పిన్నీసులు విప్పారు. ఒకామె పై బిళ్ల, ఇంకొకామె కింది బిళ్ల. వేడినీళ్లు పోయడం, పిన్నీసు మొనతో ఒక్కొక్క అక్షరం సందులో గీకడం, కొంగుతో తుడవడం.

"ఎంత నింపినవ్ అక్కా! ఇది ముద్రనా, పూర్ణం భక్ష్యమా?" అంది లచ్చమ్మ.

"నా బిడ్డ పెద్ద నోటరీ కావాలని గదనే నింపిన."

"ఇంక కొంచెం నింపితే జడ్జి అయిపోవునేమో."

ఇద్దరూ నవ్వుకున్నారు. చేతులు మాత్రం ఆగలేదు. దారిన పోయే కోట్లూ టైలూ ఆగి చూసి పోతున్నాయి. మల్లవ్వ ఎవరినీ పట్టించుకోలేదు. నీళ్లు పచ్చగా, తర్వాత లేత పసుపుగా, చివరికి తేటగా కారాయి.

మంగేష్ ఇచ్చిన కాగితం ముక్క పెట్టి మల్లవ్వ భయంభయంగా నొక్కింది. తీసి వేలితో తడిమింది. వలయం తగిలింది. వలయం లోపల గరుకుగా, బియ్యపు నూక చల్లినట్టు అక్షరాలు తగిలాయి. నడుమ అంకెలు తగిలాయి. అన్నీ లేచాయి. మల్లవ్వ కళ్లు మూసుకొని మళ్లీ ఒక చుట్టు తడిమింది. తన బిడ్డ పేరు వేలి కింద ఎత్తుగా నిలబడి ఉంది.

నీత కొత్త కాగితంతో వచ్చింది. కిటికీ మూసే వేళ దగ్గర పడింది. దివ్య కలం తీసి సంతకం చేయబోతే నీత ఆపింది. చాయ్ బండి బల్ల మీద కూర్చుని, కోటు సర్దుకుంది.

"నీ పేరు చెప్పు."

"అక్కా, నా పేరు నీకు..."

"చెప్పు."

"కావలి దివ్య. దివ్య ఆంజనేయులు కావలి."

"ఇందులో ఏం రాసుందో చదివినవా? చెప్పు చూద్దాం. నీ ఇష్టంతోనే పెడుతున్నవా?"

స్వప్నిల్ ఉండబట్టలేక అరిచాడు. "మ్యాడమ్, జల్దీ! అదంతా మొన్ననే అయింది కదా?"

"జల్దీ నీ పని. ఇది నా పని" అంది నీత, తల తిప్పకుండానే. దివ్య చెప్పేదంతా విన్నాకే సంతకం చేయించింది. అప్పుడు కాగితం తన వైపు తిప్పుకుంది.

మల్లవ్వకు కొత్త భయం పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "కోపంలో పెడితే సంతకం వేరే తీరుగ పడదా? ఆమె కలవాలె అన్నది."

"పడుతదేమో. అందుకే కొంచెంసేపు మాట్లాడకు."

మల్లవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. నీత ఊపిరి తీసుకొని, ఎప్పటిలాగే, తొందర లేకుండా సంతకం చేసింది. ముద్ర నొక్కింది.

వాళ్లు చేరేసరికి కిటికీ ఇంకా తెరిచే ఉంది. వాళ్ల వెనుక ఎవరూ లేరు. దర్శన కాగితం తీసుకొని ముద్ర మీద వేలు పెట్టి నంబరు చదివింది. లోపలికి పోయి ఒక లావుపాటి దస్త్రం తెచ్చింది. పేజీలు తిప్పింది. ఒక చోట ఆగింది. అద్దం లోంచి మల్లవ్వకు ఆ పేజీ కనబడింది. ఇంగ్లీషు సంతకాలు, మరాఠీ సంతకాలు, వాటి నడుమ ఒక్కటి గుండ్రంగా, తలకట్లతో.

"అదిగో, మనది" అంది మల్లవ్వ, లచ్చమ్మ చేయి పట్టుకొని. నాతో పాటు నీత దగ్గర అక్షరాలు దిద్దుకున్నదే కదా మల్లవ్వ కూడా.

దర్శన రెండు సంతకాల్నీ పక్కపక్కన పెట్టింది. కళ్లజోడు పెట్టి చూసింది, తీసి చూసింది. ఒక్కొక్క గీత మీదుగా కలం మొన గాలిలో తిప్పింది. కోర్టులో ఎంతోమందికి ధైర్యం చెప్పే నీత కిటికీ గట్టు మీద వేళ్లు బిగించి నిలబడింది.

"ఇది ఏ భాష?" అని అడిగింది దర్శన.

"తెలుగు."

"నాకు చదవడం రాదు." ఆమె తల ఎత్తింది. "కానీ చేయి ఒక్కటే. ఇందులో సందేహం లేదు."

కాగితం వెనక్కి తిప్పి, నింపాదిగా రాసి, సంతకం చేసి, మూడు సింహాల ముద్ర వేసింది. దివ్య అప్పటికే తల్లి భుజం మీద మొహం పెట్టి ఏడుస్తోంది. దర్శన కాగితం ఇవ్వబోతే మల్లవ్వ కిటికీలోకి తల దూర్చింది.

"ఏం రాసినవమ్మా? సదివి చెప్పు."

దర్శన మరాఠీలో చదివింది. "ఈ కాగితం మీద సంతకం చేసిన నీత తుకారాం బొల్లి సర్కారు నియమించిన నోటరీ అనీ, ఈ సంతకం ఆమెదే అనీ, నిజమైనదే అనీ ధ్రువీకరిస్తున్నాం."

తుకారాం పేరు కూడా చదివింది. రాజముద్ర పక్కన, నిజమైనది అన్న మాట పక్కన తుకారాం పేరు.

"ఇంకొక్కసారి" అంది మల్లవ్వ.

"కాకూ, భోజనం వేళ అయింది."

"ఒక్కసారే. అగో, అతనికి గూడ ఇనబడాలె."

దర్శన గోడకు ఆనుకున్న స్వప్నిల్‌ను చూసింది, మల్లవ్వను చూసింది. మళ్లీ మొదటి నుంచి చదివింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. స్వప్నిల్ చేతులు కట్టుకొని విన్నాడు. తర్వాత కాగితం అందుకొని, రెండు చేతులతో, దిల్లీ కట్టలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

దివ్య మస్కట్ పోయింది. అది తర్వాతి సంగతి. పసుపు ముద్ర పడిన కాగితాలు ఇంకా రెండు మూడు ఉంటే, నీత వాళ్లను పిలిపించి మళ్లీ చేసి ఇచ్చింది. అదీ తర్వాతదే. ఆ మధ్యాహ్నం మాత్రం నలుగురూ తిరుగు రైల్లో ఆడవాళ్ల డబ్బాలో ఎక్కి కూర్చున్నారు. దివ్య, లచ్చమ్మ కిటికీ దగ్గర ఫోనులో ఆంజనేయులుకు చెబుతూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. నీత తల్లి పక్కన కూర్చుంది. పొద్దుటి నుంచి దాచిపెట్టిన కోపం ఇప్పుడు బయటికి తీసింది.

"అమ్మా, ఇంకోసారి నా ముద్ర ముట్టుకుంటే చూడు. నా పేరే చెరిగిపోయేది ఇయ్యాల. అసలు ఏమనుకొని పెట్టినవ్ ఆ పసుపు?"

మల్లవ్వ కొంగు సర్దుకొని, నిటారుగా కూర్చుంది. ఎదురు సీటులో వాళ్లు కూడా వినేటట్టు మాట్లాడింది.

"మిగిలిన నోటరీల సంతకాలు ఆ పుస్తకంలోనే పడి ఉంటయి. ఎవలు ఎవలో ఆమెకు తెల్వదు. నిన్ను మాత్రం పిలిపిచ్చుకొని, మొకం చూసి, చేయి చూసి, కండ్లద్దాలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూసి, నిజమైనదే అని రెండుసార్లు సదివింది సర్కారు. నేను పసుపు పెట్టకుంటే అయ్యేదానే ఇది?"

నీత నోరు తెరిచింది. జడ్జీల ముందు ఎప్పుడూ మాట తడబడని మనిషి, తెరిచిన నోరు అట్లాగే ఉంచి తల్లి వైపు చూసింది. తర్వాత తల అటు తిప్పుకొని నవ్వింది. గ్రాంట్ రోడ్డు వచ్చేదాకా ఆ నవ్వు ఆగలేదు.

గుండేటి నర్సవ్వ
వయసు డెబ్బై ఒకటి
కామాఠిపురాలో మల్లవ్వ పక్క గదిలో ఉండేదాన్ని, ఇప్పుడు బిడ్డ దగ్గర నాలాసోపారాలో ఉంటున్నాను